కలిపి విడదీసే కళ

రా ట్రాక్స్ ఇవ్వడమనే మూఢాచారానికి మన స్టూడియోలు మంగళం పాడేస్తున్నాయి, సంతోషం. మీర్‌పేట్ నుంచి కర్మన్‌ఘాట్ దాకా, దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో, ఎల్‌బీ నగర్ దాటాక హయత్‌నగర్ వైపు, గోడలకు ఫోమ్ అంటించిన గది ఎక్కడుంటే అక్కడ ఇప్పుడు ఒకటే మాట: "ఏఐ ఉన్నది గదన్నా, అదే విడగొడ్తది." నల్గొండ నుంచో సూర్యాపేట నుంచో బస్సెక్కి వచ్చి, బోనాల పాటకో బతుకమ్మ పాటకో అప్పు తెచ్చి కట్టినవాడి చేతిలో ఒక ఎంపీ3 పెట్టి సాగనంపుతారు. డప్పు విడిగా, గొంతు విడిగా, ఏ ఎఫెక్టూ తగలని ట్రాక్స్ కావాలంటే మాత్రం పెళ్లివాళ్ల వంటశాలలోకి దూరినవాణ్ణి చూసినట్టు చూస్తారు.

అడిగింది గొంతెమ్మ కోరికేమీ కాదు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లనే చూడండి. లాజిక్‌లో ట్రాక్స్ అన్నిటినీ ఆడియో ఫైళ్లుగా ఎక్స్‌పోర్ట్ చేసేచోట ఎఫెక్ట్ ప్లగిన్లను బైపాస్ చేసే గడి ఉంది, టిక్కు పెడితే చాలు. క్యూబేస్‌లో 'డ్రై' అని ఎంచుకోవచ్చు. ఎఫ్‌ఎల్ స్టూడియోలో మిక్సర్ ట్రాక్స్‌ను విడివిడిగా రాయించి, ఇన్సర్ట్ ఎఫెక్టులు ఆపేయవచ్చు. అన్ని ఫైళ్లూ పాట సున్నా దగ్గరే మొదలవ్వాలి, టెంపో ఎంతో రాసి ఇవ్వాలి, అంతే. హార్డ్ డిస్క్ నిండిపోతుందట! 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ మోనో ట్రాక్ నాలుగు నిమిషాలకు 35 ఎంబీ కూడా కాదు. అలాంటివి 40 ఉన్నా 1.4 జీబీ లోపే. వాట్సాప్‌లోనే 2 జీబీ డాక్యుమెంట్ పోతుంది.

ఏఐ విడదీస్తుందన్నది అబద్ధం కాదు. 2019లో డీజర్ కంపెనీ అలా విడదీసే స్ప్లీటర్‌ను అందరికీ ఉచితంగా వదిలింది. ఇప్పుడు ఎఫ్‌ఎల్ స్టూడియోలో, లాజిక్‌లో ఆ సదుపాయం లోపలే దొరుకుతోంది. విడి ట్రాక్స్ దొరకని పాత సొత్తుకు అది వరమే. 1989 నాటి 'శివ' సినిమా 2025 నవంబరులో మళ్లీ థియేటర్లకు వచ్చినప్పుడు దాని మోనో శబ్దాన్ని డాల్బీ అట్మాస్‌కు మార్చింది ఏఐ సాయంతోనే. సరే, 1989 నాటి మోనోకు చేసిన వైద్యం నిన్న సాయంత్రం రికార్డు చేసిన పాటకు దేనికి? ట్రాకులన్నీ అదే కంప్యూటర్లో, అదే తెరమీద, విడివిడిగా నిక్షేపంలా ఉన్నాయి. వాటిని కలిపి, కంప్రెసర్ కింద నలిపి, ఎంపీ3లో కుక్కి, ఆ తర్వాత విడదీయమని యంత్రాన్ని బతిమాలాలా? పోనీ, అది విడదీసినా గొంతుకు అంటిన రివర్బ్ శుభ్రంగా ఊడిరాదు. నలిగిపోయిన డప్పు దెబ్బ మునుపటిలా లేవదు. అడిగింది ఎఫెక్టులు తగలని ట్రాక్, చేతికొచ్చేది ఎఫెక్టులు మెత్తిన ముక్క.

ఆ ముక్కలైనా ఎన్ని? మామూలుగా నాలుగు: గొంతు, డ్రమ్స్, బేస్, మిగతావి. ఆ నాలుగో బుట్టను చూడండి. హార్మోనియం అందులోకే, వేణువు అందులోకే, తంబుర అందులోకే. 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగులయ్య గారు పన్నెండు మెట్ల కిన్నెర మీటినా ఈ లెక్కలో 'మిగతావి'. ఇక డప్పు సంగతి సరేసరి. సిర్ర దెబ్బ ఒక ఫైల్లో, చిటికెన పుల్ల చప్పుడు మరో ఫైల్లో తేలినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

విడదీసే ఈ విద్యలో ఏ యంత్రం మెరుగో తేల్చడానికి పరిశోధకులు విరివిగా వాడే మ్యూజ్‌డీబీ18 సంపుటిలో ఉన్నవి 150 పాటలు, ఎక్కువగా పాశ్చాత్య పాప్, రాక్. అవి అందుకు పనికొచ్చాయంటే కారణం ఒక్కటే: వాటి భాగాలను ఎవరో బుద్ధిమంతులు విడిగా దాచి ఇచ్చారు. విడదీయడం నేర్చుకోవడానికి యంత్రానికి కూడా ముందుగా విడి ట్రాకులే కావాలి! యంత్రం ఉంది కాబట్టి ట్రాక్స్ అక్కర్లేదనే మన మేధావులు దానికి డప్పును ఏ ముఖంతో నేర్పుతారు?

ఎగతాళి చాలు. సొమ్ము తీసుకుని సరుకు దాచుకోవడం ఇది. 1957 కాపీరైట్ చట్టం సౌండ్ రికార్డింగుకు నిర్మాత ఎవరో 2(యుయు)లో స్పష్టంగానే చెప్పింది: దాన్ని తయారుచేయడానికి చొరవ, బాధ్యత తీసుకున్నవాడు. మైకు నిలబెట్టినవాడు కాదు, మౌస్ కదిపినవాడు కాదు. ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప డబ్బు పెట్టి, మనుషుల్ని పోగేసి పాట చేయించినవాడిదే ఆ హక్కు. ప్రచురించాక 60 ఏళ్లు దానికి గడువు. "ప్రాజెక్ట్ ఫైల్ మా దగ్గర భద్రం" అంటారు. ఏం భద్రం? 2019లో ఆపిల్ కేటలీనా ఆపరేటింగ్ సిస్టమ్‌తో 32 బిట్ ప్లగిన్లు మూగబోయాయి. 2022లో స్టైన్‌బర్గ్ తన వీఎస్‌టీ2 ప్లగిన్ పద్ధతికే స్వస్తి చెబుతున్నట్టు ప్రకటించింది. చట్టం 60 ఏళ్లు ఇస్తే ప్రాజెక్ట్ ఫైల్ ఆరేళ్లు తెరుచుకోవడమే గగనం. ఈలోపు "సిస్టమ్ ఫార్మాట్ కొట్టినం అన్నా" అన్న కబురు రానే వస్తుంది.

"మా సౌండ్ మా రహస్యం" అన్న వాదనలో కాస్త పస ఉంది. మిక్సింగ్ ఒక విద్య, దానికి ఏళ్ల సాధన కావాలి, ఒప్పుకుంటాను. కానీ మీ ఈక్యూ, మీ రివర్బ్ తీసేసి ఇవ్వమనే కదా అడుగుతున్నది? డ్రై ట్రాక్‌లో ఉండేది పాడినవాడి గొంతు, కొట్టినవాడి చెయ్యి. అందులో మీ రహస్యం ఎక్కడుంది? గిటార్ డిస్టార్షన్ లాంటిది వాయిద్యంలో భాగమే, దాన్ని అలాగే ఉంచండి. తేల్చుకోలేకపోతే రెండు రకాలూ ఇవ్వండి. రా గొంతు వింటే గాయకుడికే సిగ్గేస్తుందంటారా, ఆ సిగ్గేదో ఆయన పడతాడు. క్రాక్ చేసిన ప్లగిన్లతో నడిచే గదులకైతే ఈ రహస్యాల మాట అసలు నప్పదు.

పాట చేయించేవాళ్లు అడ్వాన్స్ ఇచ్చేరోజే రశీదు మీద ఒక్క వాక్యం రాయించుకోండి: అన్ని ట్రాకులూ డ్రైగా, వేవ్ ఫైళ్లలో. అవి చేతికొచ్చి, మరో కంప్యూటర్లో వరసగా పేర్చితే పాట పాటలాగే మోగేదాకా బ్యాలెన్స్ డబ్బు మీ జేబులోనే ఉండనివ్వండి.