నాగమ్మ కోడి, బక్నర్ చెవి

అంపైరింగ్ గొడవలు పల్నాడుకు కొత్తేం కాదు. పల్నాటి యుద్ధానికి ముందు కోడిపందెంలో నాగమ్మ కోడి మాయ చేసి గెలిచిందని కారెంపూడి వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పుడు రీప్లే లేదు పాపం, పందెం ఓడిన బ్రహ్మనాయుడు ఏడేళ్లు వలస పోయాడు.

2008 భారత్-ఆస్ట్రేలియా సిడ్నీ టెస్టులో రీప్లేకు లోటు లేదు. ఆస్ట్రేలియా బ్యాటర్ సైమండ్స్ 30 దగ్గరుండగా బంతి బ్యాటంచుకు తగిలిన చప్పుడు మాచర్లలో టీవీ ముందు కూర్చున్నవాడికీ వినిపించింది. అంపైర్ స్టీవ్ బక్నర్‌కే వినపడలేదు! సైమండ్స్ 162 కొట్టి నాటౌట్‌గా మిగిలాడు. తగిలిందని ఒప్పుకున్నాడు కూడా, పెద్దమనిషి. బక్నర్‌ను తర్వాతి టెస్టు నుంచి తప్పించారు.

2021 జనవరిలో మళ్లీ సిడ్నీయే, ఈసారి గొడవ అంపైర్‌తో కాదు. గ్యాలరీలోంచి మన హైదరాబాద్ సిరాజ్‌ను జాతి పేరుతో తిట్టారు. ఆట ఆపి ఆరుగుర్ని బయటికి పంపారు. ఆనక క్రికెట్ ఆస్ట్రేలియా విచారించి తేల్చిందేమిటంటే, తిట్లు నిజమే, తిట్టింది మాత్రం వాళ్లు కాదు! ఆ తిట్లు పడ్డ పది రోజులు తిరక్కుండా సిరాజ్ బ్రిస్బేన్‌లో ఒకే ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు తీశాడు.

అన్నట్టు, నరసరావుపేట గ్రౌండులో నల్లటి బౌలర్‌ను "ఒరే కర్రోడా" అని పిలిచేది ఆస్ట్రేలియావాళ్లు కాదు. దానికి విచారణ కమిటీ ఇంకా వేయలేదు.