మెడ మీద నీలాపనింద

"ఏమే, మెడ సరిగ్గా రుద్దుకోవూ?" ఏ పెళ్లిపందిట్లోనైనా ఈ ప్రశ్న వినిపిస్తుంది. అడిగేది పెద్దమ్మ, తల దించుకునేది పదమూడేళ్ల పిల్ల. విచారణ లేదు, సాక్షుల్లేరు, తీర్పు మాత్రం ఖాయం: మురికి. శిక్ష సున్నిపిండితో మొదలవుతుంది. దానికి లొంగకపోతే శనగపిండీ పెరుగూ, ఆపైన నిమ్మచెక్క మీద పంచదార, బంగాళదుంప రసం, వంటసోడా, చివరికి కొబ్బరిపీచు. ఇందులో సగం సరుకులకు కాస్త ఉప్పూ కారం తగిలించి బజ్జీలు వేసినా ఇంటిల్లిపాదికీ టిఫినయ్యేది. పైగా నిమ్మరసం పూసుకుని ఎండలోకి వెళితే కొత్త నల్లమచ్చలు రావచ్చు, గట్టిగా రుద్దేకొద్దీ ఉన్న నలుపు ఇంకా ముదురుతుంది. కాబట్టి ఈ వైద్యానికి ఫలితమే లేదనడం అన్యాయం.

అసలు మురికి అయితే సబ్బుకి పోవాలి కదా? మెడ వెనకా, చంకల్లోనూ మడతల వెంట చర్మం ముఖమల్ గుడ్డలా మందంగా నల్లబడి, పక్కన చిన్న పులిపిర్లు కూడా వేలాడుతుంటే, చాలాసార్లు అది అకాంథోసిస్ నైగ్రికాన్స్. ఒళ్లు ఇన్సులిన్ మాట వినడం మానేస్తే ప్యాంక్రియాస్ ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. ఆ ఎక్కువైనది చర్మకణాలను పెరగమని తొందరపెడుతుంది. రక్తపరీక్షలో షుగర్ ఇంకా మామూలుగానే ఉన్న రోజుల్లోనూ మెడ మీద ఇది కనిపించవచ్చు. పీసీఓఎస్ ఉన్న ఆడపిల్లల్లోనూ తరచుగా చూస్తాం.

గొలుసు రాపిడి కావచ్చుగా అంటారు. గిల్టు నగల్లోని నికెల్ పడకపోతే దురదా పొక్కులూ వస్తాయి, అదీ ముఖ్యంగా గొలుసు తగిలిన మేరకే. తామరైతే అంచు ఎర్రగా, ఉంగరంలా పాకుతుంది. స్పిరిట్ దూదితో తుడిస్తే పోయే నలుపు కూడా ఒకటుంది, సబ్బుకి పోదు. పెద్దమ్మ సగమైనా గెలిచే కేసు అదొక్కటే. "మా వంశంలో అందరి మెడలూ ఇంతే" అనేవాళ్లున్నారు. అయ్యా, షుగర్ కూడా వంశంలోనే కదా వచ్చేది! సన్నటి మనిషికి నడివయసులో ఉన్నట్టుండి ఇలా నల్లబడితే మాత్రం ఆలస్యం పనికిరాదు, అరుదుగా లోపల కేన్సర్ ఉండొచ్చు.

బరువు తగ్గి ఇన్సులిన్ దారిలోకి వస్తే ఈ నలుపు నెమ్మదిగా పలచబడుతుంది. కానీ మురికిదాన్ని అనిపించుకున్న పిల్ల జుట్టు విరబోసుకుని మెడ దాచుకుంటుంది, డాక్టరు ముందు కూడా. ఎప్పుడో షుగర్ బయటపడ్డాక, ఏ సూచనా లేకుండా వచ్చిపడిందని ఇంట్లోవాళ్లే ఆశ్చర్యపోతారు.