ఎలుకే డబ్బు కట్టే ప్రయోగం

చిటికెన వేలంత గాజు సీసా. రబ్బరు మూత. అడుగున చిటికెడు తెల్ల పొడి. సీసా మీదో, అమ్మే వెబ్‌సైట్ అట్టడుగునో ఒక వాక్యం: ‘పరిశోధనకు మాత్రమే, మనుషులు వాడరాదు’. పక్కనే బికినీ పిల్ల ఫొటో. బహుశా ఆవిడే పరిశోధకురాలు కాబోలు!

సరుకు పేరు మెలనోటాన్-2. బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో ఒంటికి రాగి రంగు కావాలనుకునే కుర్రకారు దీన్ని తెప్పించుకుని, వంటగదిలోనే స్టెరైల్ వాటర్ కలిపి, ఇన్సులిన్ సూదితో పొట్టలో పొడుచుకుంటారు. ల్యాబుల్లో ఎలుకలకు మేతైనా ఉచితం. ఈ ఎలుక పోస్టేజీతో సహా తనే కట్టుకుంటుంది.

దీనికో అన్న ఉన్నాడు, అఫమెలనోటైడ్. ఇద్దరూ పుట్టింది అరిజోనా యూనివర్సిటీలో. వెలుతురు సోకితేనే ఒళ్లు మండిపోయే ఓ అరుదైన జబ్బుకు మందుగా అన్న 2014లో యూరప్‌లో, 2019లో అమెరికాలో పాసయ్యాడు. తమ్ముడు ఏ పరీక్షా గట్టెక్కకుండానే ప్రాక్టీసు పెట్టేశాడు. వికారం, వాంతులు కన్సల్టేషన్ ఫీజు. మగవాళ్లకు గంటల తరబడి దిగని అంగస్తంభన బోనస్. ఎమర్జెన్సీ వార్డులో ఆ సంగతి నర్సుకు చెప్పుకోవడం ఇంకో బోనస్.

అసలు ముచ్చట పుట్టుమచ్చలది. మచ్చ నల్లబడినా, ఆకారం మారినా, కొత్తది పుట్టినా వెంటనే చూపించుకోమంటారు చర్మవైద్యులు. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ బయటపడేది అలాగే. ఈ సూది ఉన్న మచ్చలన్నిటినీ కట్టగట్టి నల్లబరుస్తుంది, కొత్తవీ మొలిపిస్తుంది. ఇక ఒంటి నిండా అనుమానితులే. అందులో దొంగ ఎవరో పట్టుకోమని డాక్టరు చేతికి భూతద్దం ఇస్తారు.

వాడినవాళ్లలో మెలనోమా బయటపడిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ‘సూదివల్లేనని రుజువైందా?’ అంటాడు అమ్మేవాడు. కాలేదు, నిజమే. ఎందుకంటే వేసుకున్నవాళ్లు రంగు బాగా పట్టాలని ఎండలోనో, అతినీలలోహిత దీపాల ట్యానింగ్ బెడ్ మీదో కూడా పడుకుంటారు. ఆ బెడ్లను 2009లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం పొగాకు సరసన కూర్చోబెట్టింది. పాపం ఎవరిదో తేల్చాలంటే పరిశోధన జరగాలి. సీసా మీద రాసి ఉంది కదా అంటారా? రాసినవాడి దగ్గర ఎవరికి ఎంత డోసు వెళ్లిందో ఒక్క నోటుబుక్కైనా ఉంటే ఒట్టు.

బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2008లోనే హెచ్చరించింది. అక్కడ దీన్ని అమ్మడం నేరం. అయినా సరుకు ముక్కులో కొట్టుకునే స్ప్రేగా వేషం మార్చింది, పళ్ల వాసనలతో సహా.

మనం మరీ నవ్వనక్కర్లేదు. తెల్లబడతామని గ్లూటాథయోన్ డ్రిప్ ఎక్కించుకునేవాళ్లు హైదరాబాద్‌లోనూ ఉన్నారు.

సీసా కొనేవాళ్లకు ఒక్క మనవి. పరిశోధన అన్నాడు కాబట్టి అమ్మినవాణ్ణి సమ్మతి పత్రం, ఎథిక్స్ కమిటీ అనుమతి చూపించమనండి. మచ్చ కోసి బయాప్సీకి పంపినప్పుడు ఆ బిల్లు ఏ ప్రాజెక్టు కింద రాయించాలో కూడా, వాడు నంబరు మార్చేలోపే అడిగేయండి.