అద్దం ఒకటే ఉన్నప్పుడు

మా రోజుల్లో ఇంటికి ఒక్కటే అద్దం. వసారా గోడకి మేకు కొట్టి తగిలించిన, అంచుల్లో కళాయి ఊడిపోయిన చిన్న అద్దం. ముఖం మొత్తం ఒకేసారి అందులో పట్టేది కాదు. పాపిట ఒకసారి, మీసం ఒకసారి చూసుకోవాలి. ఈలోగా గెడ్డానికి సబ్బు పూసుకుని వెనకాల నిలబడ్డ బాబాయి “ఇంకెంతసేపురా, నీ ముఖం ఎక్కడికీ పారిపోదులే” అని కసిరేవాడు. ఆ కసుర్ల మధ్య బుగ్గ మీద మొటిమ లేచిందో లేదో ఎవడు చూడొచ్చాడు? మీకేమో జేబులో అద్దం, మంచం పక్కన అద్దం, లిఫ్టులో అద్దం. పైగా ఫోన్లో ఫోటో తీసుకుని రెండు వేళ్ళతో లాగి లాగి పెద్దది చేసి చూసుకుంటారు. అంత దగ్గర్నుంచి చూస్తే ఏ ముఖమైనా వానాకాలం మా ఊరి రోడ్డులాగే ఉంటుంది నాయనా.

మొటిమలొస్తే పెద్దవాళ్ళు “వీడికి వయసొచ్చిందే” అని నవ్వుకునేవారు, అంతే. మరీ ఎర్రగా లేస్తే మా నానమ్మ సానరాయి కడిగి తెచ్చేది. దాని మీద రెండు చుక్కల పచ్చిపాలు పోసి, జాజికాయని వేలికొసలతో పట్టుకుని తొందరలేకుండా గుండ్రంగా అరగదీసేది. గోధుమరంగు గంధం తేలేది, ఇల్లంతా ఘాటు వాసన. దాన్ని చిటికెనవేలితో మొటిమ మీద అద్ది, “తెల్లారేదాకా చెయ్యి పెట్టావంటే వేళ్ళు విరుస్తా” అనేది. జాజికాయలో ఏం మహిమ ఉందో నేను చెప్పలేను. మహిమంతా ఆ బెదిరింపులోనే ఉందని ఇప్పుడు అనిపిస్తుంది. గిల్లకపోతే సగం మచ్చలు పడవని చర్మం డాక్టర్లూ అదే చెబుతున్నారు.

మా మనవడు ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడి స్నానాలగది అరమీద నిలబెట్టిన సీసాలు చూస్తే ఏదో కెమిస్ట్రీ ల్యాబులోకి వచ్చానేమో అనిపిస్తుంది. ఒకదాని మీద నియాసినమైడ్, ఒకదాని మీద సాలిసిలిక్ యాసిడ్, ఇంకొకదాంట్లో అక్రోటు పెంకుతో చేసిన గరుకు పిండి. దాన్ని వేసి రోజుకి మూడుసార్లు ముఖాన్ని బూరె మూకుడు తోమినట్టు తోముతాడు. ఎందుకురా అంటే, మురికి పోవాలి తాతయ్యా అంటాడు. మురికీ లేదు, మన్నూ లేదు. మొటిమ పుట్టేది చర్మం లోపల. వయసొచ్చేటప్పుడు ఒంట్లో ఆండ్రోజన్ హార్మోన్లు పెరిగి, వెంట్రుక మొదట్లో ఉండే నూనె గ్రంథులు ఉబ్బి, నూనె ఎక్కువ ఊరుతుంది. రాలాల్సిన చనిపోయిన చర్మకణాలు ఆ నూనెతో కలిసి రంధ్రానికి బిరడా వేస్తాయి. అక్కడ మామూలుగానే కాపురముండే క్యూటీబ్యాక్టీరియం ఆక్నేస్ అనే క్రిమి ఆ మూసిన గదిలో పెరుగుతుంది, ఒళ్ళు దాని మీదకి తిరగబడుతుంది, ఎర్రగా వాచి చీము పడుతుంది. ముక్కు మీద కనిపించే నల్లచుక్క కూడా దుమ్ము కాదు. తెరుచుకున్న రంధ్రంలోని పదార్థం గాలి తగిలి నల్లబడుతుంది. దాన్ని తోమి తోమి పోగొడదామంటే చర్మం రేగి మొటిమలు ఇంకా పెరుగుతాయి. మేము పెసరపిండో సున్నిపిండో మెత్తగా రుద్దుకుని నీళ్ళు పోసుకుని బయటపడేవాళ్ళం.

అలాగని మా రోజుల్లో అన్నీ మంచివేనని అనను. తలకి ఆముదమో కొబ్బరినూనో చెవుల మీదుగా కారేటట్టు పట్టించేవారు. ఆ నూనె నుదుటి మీదికి దిగి అక్కడ వరసగా చిన్న చిన్న మొటిమలు లేచేవి. దానికి మా ఊళ్ళో అందరూ వేడి చేసిందనేవారు. పోనీ తిండి సంగతి చూద్దామా? మీరు తాగే కూల్‌డ్రింకులూ, పొట్లాల్లో వచ్చే తీపి సరుకులూ రక్తంలో చక్కెరని గబుక్కున పెంచుతాయి, అలాంటి తిండికీ మొటిమలకీ సంబంధముందని పరిశోధనలున్నాయి. జిమ్ముల్లో కలుపుకు తాగే వే ప్రొటీన్ పొడితో మొటిమలు ఎక్కువైన కుర్రాళ్ళూ ఉన్నారు. ఇదంతా నేను చెబితే, మీరు మూడుపూటలా తిన్నది తెల్లన్నమేగా తాతయ్యా అన్నాడు మనవడు. వాడికి మాత్రం జవాబులు వెతుక్కోవక్కర్లేదు.

ఫోటోల గురించి కూడా వాడితో పోట్లాడుతూనే ఉంటాను. ఫోన్లో వేలు ఇటు జరిపితే మచ్చలన్నీ మాయం. అబద్ధపు ముఖాలు, అందులో చూసుకుని అసలు ముఖం మీద అసహ్యం పెంచుకోవడం. మా కాలంలో పెళ్ళిచూపుల ఫోటోకి పట్నం స్టూడియోకి వెళితే, ఆ ఫోటోగ్రాఫరు నెగెటివ్‌ని వెలుతురుకి అడ్డంపెట్టి, సూదిలా చెక్కిన పెన్సిలుతో బుగ్గ మీది మొటిమల మీద చుక్కలు పెట్టేవాడు. ప్రింటు తీస్తే బుగ్గ నున్నగా వచ్చేది. దాన్ని టచింగ్ అనేవాళ్ళం. కాకపోతే ఆ టచింగు పెళ్ళికొక్కసారి. మీది గంటకొకసారి.

నన్ను నిజంగా కుదిపేది ముఖం వెంటనే బాగైపోవాలన్న తొందర. మా దగ్గరి చుట్టాలమ్మాయికి బుగ్గల నిండా మొటిమలొస్తే, మందుల షాపులో అడిగి ఓ ట్యూబు తెచ్చుకుంది. వారానికల్లా ముఖం తెల్లగా మెరిసింది, ఇంట్లో అందరూ సంబరపడ్డారు. అది స్టెరాయిడ్ క్రీము. బీటామెథసోన్, క్లోబెటసాల్ లాంటివి ముఖానికి నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది, ఎర్రటి సన్న నరాలు తేలతాయి, వెంట్రుకలు మొలుస్తాయి, మానేసిన వెంటనే మొటిమలు పదింతలై విరుచుకుపడతాయి. ఆ పిల్ల ఎండలోకి రాలేక, పొయ్యి దగ్గర నిలబడలేక పడ్డ బాధ నేను కళ్ళారా చూశాను. 2018లో కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా పేరు చెబితే చాలు, ట్యూబు చేతికొస్తూనే ఉంది. అమ్మేవాణ్ణి ఒక మాట, కొనేవాణ్ణి నాలుగు మాటలు అనాలి.

అసలు మందులేమో మా నానమ్మలాగే నిదానం మనుషులు. రాత్రి శెనగగింజంత అడాపలీన్, మొటిమ మీదే కాదు, ముఖమంతా పల్చగా రాయాలి. మొదటి వారాల్లో మంట, పొట్టు. ఫలితం తెలియాలంటే రెండు మూడు నెలలు పడుతుంది. బెంజాయిల్ పెరాక్సైడ్ క్రిమి మీద బాగా పనిచేస్తుంది, గలేబులూ తువ్వాళ్ళూ మాత్రం రంగు వెలిసిపోతాయి. మా ఇంట్లో ఒక్క గలేబూ సరైన రంగులో లేదు. గడ్డలు కట్టే ముదురు మొటిమలకి ఐసోట్రెటినాయిన్ మాత్ర ఉంది. 1982లో అమెరికాలో అనుమతి వచ్చింది. గర్భంతో ఉన్నవాళ్ళు వేసుకుంటే బిడ్డకి ఘోరమైన లోపాలొస్తాయి, అందుకే డాక్టరు కనిపెట్టి ఇవ్వాల్సిన మందు. నా చిన్ననాటి స్నేహితుడు ఒకడు అలాంటి గడ్డలతో బడి మానేసినంత పని చేశాడు. పెద్దయ్యాక కూడా బుగ్గ మీద చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడేవాడు. ఈ ఒక్క మాత్ర మా ఊరికి అప్పుడు వచ్చుంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. దీన్ని మాత్రం చెడిపోయిన కాలం ఖాతాలో వెయ్యను.

ఇక మచ్చలు. నల్లగా మిగిలే మరక వేరు, గుంట వేరు. మన చామనఛాయ చర్మానికి మరకలు తేలిగ్గా పడతాయి. ఎండ తగలకుండా సన్‌స్క్రీన్ రాసుకుంటే నెలల్లో చాలామటుకు వాటంతటవే తగ్గుతాయి. గుంట అలా పోదు. సూదితో పొడిచినట్టు సన్నగా లోతుగా ఉండేది ఒకటి, అంచులు నిటారుగా పెట్టెలా ఉండేది ఒకటి, అలలా పల్లంగా ఉండేది ఇంకొకటి. దేని వైద్యం దానిదే. మనవడితో నేనూ క్లినిక్కుకి వెళ్ళాను. డాక్టరమ్మ పుల్లమొనని గాఢమైన టీసీఏ యాసిడ్‌లో ముంచి, సన్నగుంటల అడుగున మాత్రమే తాకించింది. క్షణాల్లో ఆ చుక్క సుద్దముక్కలా తెల్లబడింది. లోపల కొత్త కొల్లాజెన్ పుట్టి గుంట కొద్దిగా పూడుతుందన్నమాట. నెల ఆగి మళ్ళీ అదే పని. అలల్లాంటి పల్లాలకి చర్మం కింద సూది జొనిపి, లోపలికి లాగిపట్టిన పోగుల్ని తెంపుతారు. ముఖం కొన్నాళ్ళు కమిలిపోయి ఉంటుంది. సన్నసూదుల రోలరు, ఫ్రాక్షనల్ లేజరు కూడా ఉన్నాయి. మన రంగు మీద లేజరు మరీ ఎక్కువ పెడితే కొత్త నల్లమరకలు పడతాయి. ఎన్ని చేసినా గుంటలు తగ్గుతాయి, నామరూపాల్లేకుండా పోవు. ఆ సంగతి డాక్టరమ్మ మొదటిరోజే చెప్పింది, నాకు ఆవిడ మీద గౌరవం కలిగింది.

మేమక్కడ కూర్చున్నప్పుడే ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకొచ్చి, నెలరోజుల్లో పెళ్ళి, ఈలోగా నున్నగా చేసెయ్యండి, ఎంతైనా ఫరవాలేదన్నాడు. బుగ్గల మీద పచ్చిమొటిమలు ఇంకా ఉన్నాయి. ముందు అవి తగ్గాలి, తరవాతే గుంటల జోలికి వెళ్ళాలి, ఏడాది పట్టొచ్చు అందావిడ. ఆయనకి కోపమొచ్చింది, వేరే క్లినిక్కు చూసుకుంటాం అంటూ లేచాడు. ఏడాది ముందు వచ్చి ఉండాల్సిందయ్యా, శుభలేఖలు అచ్చయ్యాక కాదు!