కటాఫ్ దాటిన తోడల్లుడు

శాన్ రామన్‌లో డోహర్టీ వ్యాలీ వైపు ఏ వీధికి వెళ్లినా ఇలాంటాయన ఒకరుంటారు. మా వాటాకి వచ్చినాయన మా పెద్ద తోడల్లుడు. నిన్నమొన్నటిదాకా "నాకేం రోగం, గుండ్రాయిలా ఉన్నాను" అనేవాడు. జీర్ణాశయంలో ముప్పాతిక వంతు తీసేసే స్లీవ్ ఆపరేషన్ మీద మనసు పడ్డ దగ్గర్నుంచి, లేని రోగాలు కూడా ఉంటే బాగుండునని వెతుక్కుంటున్నాడు.

అంతా ఇన్సూరెన్సు మహిమ. బీఎంఐ 40 దాటితే సరే. 35 దాటితే మాత్రం తోడుగా షుగరో, బీపీయో, స్లీప్ ఆప్నియానో ఉండాలి. 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు కూర్చోబెట్టిన నిపుణులు గీసిన గీత ఇది. 2022లో సర్జన్ల సంఘాలు దీన్ని బాగా కిందికి దించి, ఆసియా వాళ్లకైతే 27.5కే చేయొచ్చన్నాయి గానీ, పాత గీతనే పట్టుకు వేలాడే ప్లాన్లు ఇంకా చాలానే ఉన్నాయి. ఎంసెట్‌లో కొద్దిలో సీటు పోగొట్టుకున్న మనిషికి మళ్లీ కటాఫ్ అన్నారు. ఇక ఊరుకుంటాడా?

ఆయన ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. 224 పౌన్లుంటే 35 దాటుతుంది, 223 ఉంటే దాటదు. అందుకని క్లినిక్‌కి వెళ్లేరోజు పొద్దున్నే ఆరు ఇడ్లీలు, మీద చెంబెడు మజ్జిగ, జేబులో ఇంటి తాళాలూ ఆఫీసు తాళాలూ. నర్సు బూట్లు విప్పమంటే ఆస్తి రాసిమ్మన్నట్టు చూశాడట.

వేలికి క్లిప్పు పెట్టుకుని పడుకునే నిద్ర పరీక్ష ఇంట్లోనే చేశారు. గంటకి 30 సార్లు ఊపిరి తడబడితే తీవ్రం కింద లెక్క. ఈయనకి 31. "సివియర్ తమ్ముడూ, సివియర్!" అని ఫోన్లో ఒకటే కేక.

"ఇన్నేళ్లుగా నేను మొత్తుకుంటే గురకే లేదన్నారు. ఇప్పుడదే సర్టిఫికెట్టయిందా?" అంది వదిన వెనకనించి.

ఆ తర్వాత డైటీషియన్ పర్యవేక్షణలో ఆరునెలల పథ్యం. తిన్నదల్లా రాయాలి. ఆయన డైరీ చూశాను. పెసరట్టు ఉప్మా "పప్పు దోసె, చిన్నది" అయింది. లివర్‌మోర్ గుళ్లో తిన్న పులిహోర అసలు లేనేలేదు. అదేమిటంటే, ప్రసాదానికి లెక్కలు కట్టకూడదట.

నవ్వాను గానీ, ఆ పథ్యంలో ఉన్న మెలిక తలుచుకుంటే నాకూ ఒళ్లు మండింది. బరువు తగ్గకపోతే శ్రద్ధ లేదంటారేమోనని బెంగ. తగ్గితే 35 కిందికి జారి, అక్కర్లేదంటారేమోనని బెంగ. ఐరన్ హార్స్ ట్రెయిల్ మీద నాతో నడుస్తూ, నాలుగడుగులకోసారి ఆగి, ఫోన్ చూసుకుంటున్నట్టు నటించేవాడు. ఆయాసమని నాకు తెలుసు. లేసు ఊడితే వంగలేక కాలు బెంచీ మీద పెట్టాడు. అక్కడికీ చెయ్యి అందలేదు. నేనే కట్టాను. ఇద్దరం కాసేపు మౌంట్ డియాబ్లో గురించి మాట్లాడుకున్నాం.

మొన్న అప్రూవల్ వచ్చింది. అప్పట్నుంచి బంధువర్గానికంతటికీ ఆయనే కన్సల్టెంటు.

"తమ్ముడూ, నీ బీఎంఐ ఎంత?"

"29 అన్నయ్యా."

"ప్చ్. బీపీ?"

"లేదు."

"పోనీ, గురక పెడతావా?"

"అబ్బే."

"పెడతారు బావగారూ!" వంటింట్లోంచి మా ఆవిడ అరిచింది.

"శభాష్," అన్నాడాయన, "రేపే ఆ పరీక్ష రాయించుకో."