పుట్టని తాతను పట్టుకోవడం ఎలా?

భిలాయి ఉక్కు నగరం అంచున హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడ. ఖోజ్ అంటే హిందీలో వెతుకులాట. ఆ ఊరి పేరు వెనక అసలు కథ ఏదైనా కానీ, అక్కడి షెడ్లలో పనిచేసే తెలుగు మనవలకు మాత్రం అది అచ్చంగా అతికింది. వాళ్లలో ఎవరో ఒకరు ఎప్పుడూ తాత పుట్టిన తేదీ కోసం వెతుకుతూనే ఉంటారు. తాతకు బతికున్నన్నాళ్లూ ఆ తేదీతో పనిపడలేదు. పోయాక పడింది.

ఈ మార్గదర్శిని అలాంటి మనవడి కోసం. మనవడంటే ఇక్కడ ఒక మనిషి కాదు, ఒక రకం. చొక్కా జేబులో రెండు పాస్‌పోర్టు సైజు ఫొటోలు, చంకలో ప్లాస్టిక్ ఫైలు, ఫోన్లో ఎవరో తహసీల్దారు ఆఫీసు గుమాస్తా నంబరు ఉంటాయి.

అన్నిటికన్నా ముందు మనవడు తాతను సరైన కారణానికి వెతకాలి. ప్రేమకొద్దీ వెతికేవాళ్లకు ఏ ఆఫీసులోనూ కుర్చీ వేయరు. పిల్లకు కుల ధ్రువపత్రం కావాలని వెతికితే కనీసం తిట్టడానికైనా తలెత్తి చూస్తారు. ఛత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డ్ కులాలవారైతే 1950 ఆగస్టు 10 నాటికి, తెగలవారైతే అదే ఏడు సెప్టెంబరు 6 నాటికి, ఓబీసీలైతే 1984 డిసెంబరు 26 నాటికి తమవాళ్లు ఈ నేలమీదే ఉన్నారని చూపించాలి. స్థానికులు పాత భూమి బందోబస్తు కాగితం, ఇక్కడివాళ్లు ‘మిసల్’ అనేది, మడత విప్పి బల్లమీద పెడతారు. మనవడి తాత 1950లో టెక్కలి తాలూకాలో గెడ్డ పక్కన దుక్కి దున్నుతున్నాడు. భిలాయి కర్మాగారం కోసం రష్యావాళ్లతో ఒప్పందం కుదిరిందే 1955 ఫిబ్రవరి 2న. మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించింది 1959 ఫిబ్రవరి 4న. ఫ్యాక్టరీ లేని చోటికి తాత 1950లోనే వచ్చి ఏం చేసేవాడని గుమాస్తాను అడగాలనిపిస్తుంది. అడగకూడదు.

పోనీ ఆంధ్రాలో ఉన్న కులం ఇక్కడ చెల్లదా? చెల్లదు. తెనాలిలో షెడ్యూల్డ్ తెగ అయినవాడు బొంబాయి వైద్య కళాశాలలో ఆ కోటా కింద సీటు అడిగితే ఇవ్వనక్కర్లేదని మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు 1990లోనే తేల్చింది. విజయనగరం–రాయపూర్ లైను 1931లో పూర్తయింది. ఆ రైల్లో మనుషులొచ్చారు, ఆవకాయ జాడీలొచ్చాయి, పైడితల్లి పటాలొచ్చాయి. రిజర్వేషను మాత్రం స్టేషన్లోనే దిగిపోయింది. దాన్ని వెతుక్కుంటూ, తాత అక్కడ పుట్టాడని చూపే కాగితం కోసం మనవడు ఇప్పుడు ఎదురు రైలెక్కాలి.

ఎక్కేముందు నాయనమ్మను తేదీ అడగాలి. ఇది చాలా తేలికైన పని, ఎందుకంటే ఆవిడ వెంటనే చెప్పేస్తుంది: “మీ తాత ధాతలో పుట్టేడురా. మా అత్త సెప్పేది.”

ధాత నామ సంవత్సరం అరవై ఏళ్లకోసారి వస్తుంది. 1876లో వచ్చింది. ఆనాటి మహాక్షామాన్ని జనం ఇప్పటికీ ధాత కరువనే అంటారు. మళ్లీ 1936లో, ఆపైన 1996లో వచ్చింది. 1996లో తాత పెన్షను తీసుకుంటున్నాడు కాబట్టి అది కొట్టేయాలి. 1876 అయితే ఫ్యాక్టరీలో చేరేనాటికి ఎనభై దాటి ఉండాలి, మెడికల్లో పాసయ్యేవాడు కాదు. మిగిలింది 1936. మనవడు సంబరపడి రాసుకుంటుండగా ఆవిడ ఇంకో మాట వేస్తుంది: విశాఖపట్నం మీద బాంబులు పడ్డనాటికి గుంటడు ఇంకా దోగాడుతున్నాడట. జపానువాళ్లు బాంబులేసింది 1942 ఏప్రిల్ 6న. ఆ లెక్కన తాత ఆరో ఏట కూడా దోగాడుతున్నాడన్నమాట. ఈ రెండు మాటల్లో ఒకటే నిజమై ఉండాలని నాయనమ్మతో వాదించినవాడికి ఆ పూట అన్నం ఉండదు.

తర్వాత జిల్లా తేల్చుకోవాలి. తాత ఊరు కదల్లేదు. జిల్లాలే ఊరి మీదుగా నడిచి వెళ్లాయి. 1936 మార్చి దాకా టెక్కలి మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా, కలెక్టరు కచేరీ ఛత్రపురంలో. ఏప్రిల్ 1న ఒరిస్సా విడిపోయింది. గంజాం అటు పోగా, టెక్కలి, సోంపేట, అప్పట్లో చికాకోల్ అనే శ్రీకాకుళం విశాఖపట్నం జిల్లాలో చేరాయి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. 1953లో రాష్ట్రం ఆంధ్ర అయింది, 1956లో ఆంధ్రప్రదేశ్ అయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న పాలకొండ పార్వతీపురం మన్యంలోకి, రాజాం విజయనగరంలోకి పోయాయి. టెక్కలి తాత కాబట్టి ఆ చివరి కుదుపు తప్పించుకున్నాడు. పాలకొండ తాతల మనవలు ఇంకో బస్సు ఎక్కాల్సిందే.

ధాత ఉగాది 1936 మార్చి చివర్లో వచ్చింది. గంజాం విడిపోయింది ఆ తర్వాత పదిరోజుల్లోపే. తాత ఉగాది పచ్చడి వేళకు పుట్టి ఉంటే ఒక జిల్లా, శ్రీరామనవమి దాటాక పుట్టి ఉంటే ఇంకో జిల్లా. ఏ నక్షత్రమో తెలిస్తే కాస్త వీలయ్యేది. తాటాకు జాతకం ఉండేదట. 1977 తుపానుకు పోయిందని ఒకరు, అటక మీద ఎలుకలు కొట్టాయని ఒకరు. తుపాను దివిసీమది కదా అంటే, అయితే ఎలుకలేనంటారు.

ఇక రిజిస్టరు. మద్రాసు ప్రభుత్వం 1899లోనే జనన మరణాల నమోదుకు చట్టం చేసింది. పల్లెల్లో ఆ పుస్తకం గ్రామ మునసబు చేతిలో ఉండేది. భిలాయి ఉన్న దుర్గ్ వైపు పద్ధతి వేరు, ఊరి కావలివాడైన కోట్వారు వెళ్లి పోలీసు ఠాణాలో చెప్పేవాడు. మునసబు వ్రాత పద్ధతి తెలియకపోతే మనవడు రికార్డు గదిలో ఏడ్చే ప్రమాదం ఉంది. పేరు కోసం వెతకకూడదు. బాలసారె కాకముందే పుట్టుక రాయించేసేవారు కాబట్టి ఆ గడిలో పేరుండదు. తండ్రి పేరు, మగబిడ్డ అన్న మాట, అంతే. ఒకే ఊళ్లో ఒకే ఏడు ముగ్గురు అప్పలస్వాములకు ముగ్గురు మగబిడ్డలు పుట్టి ఉంటే, వాళ్లలో నచ్చినవాణ్ణి తాతగా ఎంచుకునే స్వేచ్ఛ మనవడికి ఉంటుంది. అదీ పుస్తకం దొరికితే. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం మునసబు, కరణాల వ్యవస్థను రద్దు చేసింది. పదవి పోయినంత చక్కగా పుస్తకాలు అన్నిచోట్లా చేతులు మారలేదు. కొన్ని మూటల్లో చేరాయి, కొన్ని చెదలకు చేరాయి. గ్రామ సచివాలయంలో అడిగితే మండలాఫీసుకు, మండలాఫీసులో అడిగితే సచివాలయానికి పంపుతారు. ఈ నడక ఆరోగ్యానికి మంచిది.

పేరు సంగతి కూడా చెప్పుకోవాలి. భిలాయి వచ్చాక తెలుగువాడెవరైనా రావుగారే. ఊళ్లో ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. ఇక్కడ ఇంటిపేరు ఒక ఇంగ్లిషు అక్షరంగా కుదించుకుపోయి, ‘రావ్’ దాని స్థానంలో కూర్చుంటుంది. పైగా మనవడికి తాత పేరు పెట్టడం మనవాళ్ల ఆచారం. కాబట్టి ఫైలు పట్టుకుని నిలబడ్డవాడి పేరూ, దొరకనివాడి పేరూ ఒకటే. “మీ సర్టిఫికెట్టేనా?” అని గుమాస్తా అడుగుతాడు. అవునంటే పని ఐపోతుందేమో అన్న దుర్బుద్ధి ఒక క్షణం కలుగుతుంది.

ప్రత్యామ్నాయాలు బోలెడు. చర్చి రిజిస్టర్లు భేషైనవి, కానీ ఉత్తరాంధ్రలో ఎక్కువగా తిరిగింది కెనడియన్ బాప్టిస్టులు. వాళ్లు ఎదిగినవాళ్లకే బాప్తిస్మం ఇస్తారు, పసిబిడ్డల ఊసు ఎత్తరు. గయలో పండాల వంశావళి పుస్తకాలైన బహీల్లో వంశం ఉంటుంది, ఎవరు ఎవరికి పిండం పెట్టారో ఉంటుంది, పుట్టిన తేదీ ఉండదు. అన్నిటికన్నా నమ్మకమైన దారి, తాతను ముందుగానే నాటాల్ చెరకు తోటలకు కూలీగా పంపించి ఉండటం. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడ డర్బన్ చేరింది మొదలు 1911 దాకా వెళ్లిన 1,52,184 మందికీ నంబరేసి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు రాసుకున్నారు, కొందరికి ఒంటిమీద మచ్చలతో సహా. పారిపోతే పట్టుకోవడానికి. ఊళ్లోనే ఉండిపోయినవాడు పారిపోయే భయం లేదు కనుక అతన్ని అంత శ్రద్ధగా ఎవరూ రాయలేదు. దక్షిణాఫ్రికాలో ఉన్న తెలుగు మునిమనవడు ఈ జాబితాల్లో వెతికి తన పూర్వీకుడి తాలూకా చెప్పగలడు. హథ్‌ఖోజ్ మనవడు తన సొంత తాతది చెప్పలేడు.

బడి సర్టిఫికెట్ మీద ఆశ పెట్టుకోవచ్చు. మాస్టారు పిల్లవాడి చేతిని తలమీంచి అటుపక్క చెవికి అందించి, అందితే అయిదేళ్లని వేసేవాడు. ఆ లెక్క తక్కువదేం కాదు. 2024 అక్టోబరులో ఒక ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు వయసు నిర్ధారణకు ఆధార్ కన్నా బడి సర్టిఫికెట్టునే ఎంచుకుంది. మరీ దిగులు పడనక్కర్లేదు కూడా. ఆర్మీ చీఫ్‌గా ఉన్న జనరల్ వీకే సింగ్ తాను పుట్టింది 1950లోనా 1951లోనా తేల్చమని సుప్రీంకోర్టుదాకా వెళ్లి, 2012 ఫిబ్రవరిలో పిటిషన్ వెనక్కి తీసుకున్నాడు. పది లక్షల పైచిలుకు సైన్యం ఉన్నవాడికే దొరకనిది మనవడికి దొరకాలంటే ఎలా?

ఏదీ కుదరకపోతే తాతను ఇప్పుడు పుట్టించవచ్చు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పుట్టుకను 21 రోజుల్లోగా చెప్పాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు, ఆలస్య రుసుము. తాత విషయంలో 32 వేల రోజులు దాటిపోయింది. శిశువు ఎక్కడున్నాడని అడిగితే ఏం చెప్పాలో మనవడు ముందే ఆలోచించుకోవాలి.

చివరకు చేతికొచ్చేది ఒక్కటే: అదే చట్టం 17వ సెక్షన్ కింద ఇచ్చే పదో నంబరు ఫారం. ఫలానా ఏడు, ఫలానా ఊళ్లో, ఫలానావాడి జననం రికార్డుల్లో కనబడలేదని సంతకం, ముద్ర వేసి ఇస్తారు. మనవడు మూడుసార్లు టెక్కలి వెళ్లి దాన్ని సాధించి, లామినేషను చేయించి, రాయపూర్ రైల్లో కూర్చుని అప్పుడు తీరిగ్గా చదువుతాడు. తాత తండ్రి పేరు అప్పలస్వామికి బదులు అప్పలనాయుడని పడింది. వేరెవరి కొడుకో పుట్టలేదని ప్రభుత్వం ధ్రువీకరించింది. దిద్దించడానికి దరఖాస్తుతో పాటు తాత పుట్టిన తేదీ ధ్రువపత్రం జత చేయాలని వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంది.