పరగడుపు సీసా

కడుపులో 120 మాత్రలు పెట్టుకుని ఈ ఇంటికొచ్చాను. ఒక్కోదాంట్లో అసలు మందు థైరాక్సిన్ 50 మైక్రోగ్రాములే. గ్రాము మందుంటే ఇరవై వేల మాత్రలకి సరిపోతుంది. ఇంత చిన్న సరుకు మీద ఈ ఇంట్లోవాళ్లు పెట్టుకున్న ఆశలూ, మోపిన నిందలూ చూస్తే నాకే నవ్వొస్తుంది.

కాకినాడలో ఓ హైస్కూలు టీచరమ్మ ఇల్లు ఇది. నాకన్నా ముందు ల్యాబ్ కాగితం వచ్చింది: టీఎస్‌హెచ్ 14. మామూలుగా అది నాలుగైదు దాటదు. గొంతులోని థైరాయిడ్ పని తగ్గిస్తే, మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి దాన్ని గదమాయిస్తుంది. ఆ గదమాయింపు ఎంత గట్టిదో చెప్పేదే ఈ అంకె. అప్పటికి చాన్నాళ్లుగా ఆవిడ అలసటతోనే నిద్రలేస్తోంది. ఉక్కపోతలో అందరూ ఫ్యాను పెంచమంటే తను తగ్గించమంటోంది. దువ్వెన నిండా జుట్టు. "ఎండలకి నీరసంలే" అని భర్త, "శనివారం ఉపవాసాలు మానెయ్యమ్మా" అని అత్తగారు తేల్చేశారు.

అత్తగారు మడి మనిషి. మా వంశచరిత్ర ఆవిడ చెవిన పడకపోవడం నా అదృష్టం. 1891లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో జార్జ్ ముర్రే అనే డాక్టరు, గొర్రె థైరాయిడ్ రసం తీసి జబ్బుతో వాచిపోయిన ఒకామెకి సూదిమందుగా ఇచ్చాడు. ఆమె మరో 28 ఏళ్లు బతికింది. 1914 క్రిస్మస్ రోజున అమెరికాలో ఎడ్వర్డ్ కెండాల్ పంది గ్రంథుల నుంచి థైరాక్సిన్‌ని స్ఫటికాలుగా విడదీశాడు. గ్రాముల్లో మందు తియ్యడానికి టన్నుల్లో గ్రంథులు కావలసి వచ్చేవి. 1927లో హారింగ్టన్, బార్జర్ దాన్ని ప్రయోగశాలలో తయారుచేశాక గానీ ఆ జంతు సంబంధం తెగడానికి దారి పడలేదు.

నాకు పడనిది ఫిల్టర్ కాఫీ. టీచరమ్మ నన్ను మింగిన నోటితోనే కాఫీ గ్లాసు అందుకునేది, దానితోపాటే మోకాళ్ల నొప్పులకని కాల్షియం బిళ్ల. కాల్షియం నన్ను పేగులోనే పట్టేసుకుంటుంది, కాఫీ నన్ను ఒంటబట్టనివ్వదు. పోనీ ఓపిక పడుతుందా అంటే, మూడోరోజుకే "ఏం తేడా లేదండీ" అని పెదవి విరిచింది. రక్తంలో నేను సగం తగ్గడానికే వారం పడుతుంది. నా ప్రభావం నిలకడకి రావడానికి ఆరు వారాలైనా కావాలి. అందుకే అప్పటిదాకా డాక్టర్లు మళ్లీ పరీక్ష రాయరు. ఆ పరీక్షలో అంకె 11. డాక్టరుగారు మోతాదు పెంచబోయి ఆగి, "ఎలా వేసుకుంటున్నారమ్మా?" అన్నారు. "కాఫీతోనేనండీ." ఆయన కలం మూసేశారు. మోతాదు అంతే ఉంది. కాఫీ గంట వెనక్కి జరిగింది, కాల్షియం రాత్రి భోజనం తర్వాతకి పోయింది.

ఈలోగా ఫోన్లో ఎవరో చెప్పారని అత్తగారు క్యాబేజీని ఇంట్లోకి రానివ్వడం మానేశారు. ఉడికించి మామూలుగా తినే క్యాబేజీతో వచ్చే ముప్పేమీ లేదు. నాకు కోపం తెప్పించింది మాత్రం ఉప్పు. మామూలు ప్యాకెట్టు పోయి సైంధవ లవణం వచ్చింది, 'సహజం' అని. అయోడిన్ కలిపిన ఉప్పు ఊరికే రాలేదు. శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి బృందం 1956 నుంచి హిమాచల్‌లోని కాంగ్రా లోయలో ఏళ్ల తరబడి ఆ ఉప్పు పంచి, గొంతువాపులు తగ్గడం కళ్లారా చూపించింది. ఇంట్లో పిల్లల కోసమైనా ఆ ఉప్పే ఉండాలి. అలాగని టీచరమ్మ జబ్బు అయోడిన్ తక్కువై వచ్చింది కాదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే థైరాయిడ్‌ని పరాయిదనుకుని కొరుక్కుతింటోంది. 1912లో హషిమోటో అనే జపాన్ డాక్టరు రాసిపెట్టిన జబ్బు ఇది. ఇందులో అయోడిన్ ఎక్కువ దట్టిస్తే మేలుకి బదులు కీడే జరగొచ్చు.

తర్వాతి పరీక్షలో అంకె 2.8కి దిగింది. నేను గర్వపడేలోపే ఆవిడ అంది: "అంకె బాగుంది, నేను బాలేను." పక్కింటావిడ వెంటనే, "నాది వంద, నువ్వూ వంద వేసుకో వదినా" అని సలహా ఇచ్చింది. అవసరానికి మించి నన్ను వేసుకుంటే గుండె దడదడలాడుతుంది, నిద్ర పట్టదు, ఏళ్లు గడిస్తే ఎముకలు పలచబడతాయి. డాక్టరుగారు ఈసారి రక్తం చూడమన్నారు. హిమోగ్లోబిన్ 9.2! థైరాయిడ్ మందగించినప్పుడు నెలసరిలో రక్తం ఎక్కువ పోవడం మామూలే. అది ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఐరన్ బిళ్ల వచ్చింది, నాకు నాలుగు గంటల దూరంలో.

ఇక టెన్షన్ సంగతి. "ఆ స్కూలు టెన్షనే థైరాయిడ్ తెచ్చింది" అని భర్త వాదన. అంత నిక్కచ్చిగా నేను చెప్పలేను. పదో తరగతి పేపర్లు దిద్దుతూ పన్నెండింటికి పడుకుని, ఐదింటికి లేచి క్యారేజీలు కట్టే మనిషికి థైరాయిడ్ బాగున్నా అలసట తప్పదు. లోటైన హార్మోన్‌ని నేను భర్తీ చేస్తాను. ఆ నిద్రని భర్తీ చెయ్యడానికి నాలో ఏమీ లేదు. కట్టిన క్యారేజీల్లో ఒకటి ఆయనదే.

ఇప్పుడు నాలో అడుగున కొన్ని మాత్రలే మిగిలాయి. పక్కన కొత్తగా ఒక క్యాప్సూల్ డబ్బా చేరింది, జుట్టుకట. నిండా బయోటిన్. కొన్ని ల్యాబ్ యంత్రాల్లో అది టీఎస్‌హెచ్‌ని లేనిపోని తక్కువగా చూపిస్తుంది. చూసినవాళ్లు నా మోతాదు ఎక్కువైందనుకుంటారు. పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు దాన్ని ఆపితే చాలు. సోమవారం ల్యాబ్ అబ్బాయి వస్తాడు. "ఏమైనా మందులు వాడుతున్నారా మేడమ్?" అని అడుగుతాడు. "థైరాయిడ్ మాత్ర, ఐరన్, కాల్షియం" అంటుంది టీచరమ్మ. జుట్టుకి వేసుకునేది ఆవిడ లెక్కలో మందు కాదు.